పుప్పొడి నుంచి దోమ కడుపు దాకా

డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పే రోజుల్లో ఫలదీకరణం పాఠంలో ఒక చోట గబగబా దాటేసేవాళ్లం. పరాగనాళిక అండాన్ని చేరుతుంది, పురుషబీజం స్త్రీబీజంతో కలుస్తుంది, అంతే. ‘రెండింటికీ పొరలున్నాయి కదా సార్, ఎలా కలుస్తాయి?’ అని వెనక బెంచీ నుంచి ఎవరైనా అడిగితే పుస్తకంలో జవాబు ఉండేది కాదు. అడగాల్సిన ప్రశ్నే. పొరలు కొవ్వుతో చేసినవి, మధ్యలో నీరు. వాటంతట అవి అంత దగ్గరికి రావు.

జవాబు లిల్లీ పుప్పొడిలో దొరికింది. 2006లో జపాన్‌లో తొషియుకి మోరి బృందం పురుషబీజాలను పుట్టించే కణంలో ఒక ప్రోటీన్‌ను పట్టుకుంది. అంతకు రెండేళ్ల ముందే అరబిడాప్సిస్ మొక్కలో బయటపడిన హ్యాప్2 కూడా ఇదే. 2008లో విలియం స్నెల్, ఆయన సహచరులు క్లామిడోమోనాస్ నాచులో దీని పని తేల్చారు: ఇది లేకపోతే రెండు కణాలూ అతుక్కుంటాయి, ఒకటి మాత్రం కావు. ఎలుకల మలేరియా పరాన్నజీవిలోనూ ఇది లేకపోతే సంయోగం జరగలేదు.

మలేరియా అనగానే మనకు బేగంపేట గుర్తొస్తుంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అక్కడ దోమ కడుపు గోడ మీద చూసిన గుండ్రటి కణాలు క్రిమి మగ, ఆడ కణాల కలయిక జరిగిన తర్వాతి దశవి. అదే ఏడాది మెకాలమ్ అనే వైద్యవిద్యార్థి, మలేరియా క్రిమికి దగ్గరి చుట్టమైన కాకి పరాన్నజీవిలో మగకణం ఆడకణంలోకి దూరడాన్ని కళ్లారా చూశాడు. రాస్‌కు దక్కిన పేరులో పదో వంతైనా అతనికి దక్కలేదు.

2017లో పారిస్ పాస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫెలిక్స్ రే బృందం హ్యాప్2 ఆకారాన్ని తేల్చింది. చూస్తే అది డెంగీ, జికా వైరస్‌లు మన కణాల్లో దూరడానికి వాడే ప్రోటీన్‌కు తోబుట్టువు! కొక్కెం విసిరి అవతలి పడవను దగ్గరికి లాగినట్టు, దాని జిడ్డు కొస ఎదుటి పొరలో గుచ్చుకుంటుంది. ఆపై ప్రోటీన్ మడత పడి రెండు పొరలనూ ఒకచోటికి చేరుస్తుంది. నులిపురుగుల చర్మకణాలను కలిపే ఈఎఫ్ఎఫ్-1 కూడా ఈ కుటుంబంలోదే. 2022లో ఆర్కియా అనే ఏకకణ జీవుల్లోనూ చుట్టం దొరికింది. వైరస్ నుంచి కణం తీసుకుందా, కణం నుంచి వైరస్ ఎత్తుకుపోయిందా అన్న వాదన నడుస్తోంది. ఆర్కియాలో కూడా ఉందంటే ఇది బాగా పాత సరుకని నా నమ్మకం. ఎవరిదన్నది ఎప్పటికైనా తేలుతుందా అని అనుమానం.

వెన్నెముక ఉన్న జీవుల్లో హ్యాప్2 లేదు. మనం ఇజుమో, జూనో లాంటి వేరే ప్రోటీన్లతో నెట్టుకొస్తున్నాం. అందుకే మలేరియా క్రిమి హ్యాప్2 మీద టీకా తయారు చేయాలని చూస్తున్నారు. టీకా వల్ల మన రక్తంలో పుట్టే యాంటీబాడీలు దోమ తాగే రక్తంతో పాటు దాని కడుపులోకి వెళ్లి అక్కడ సంయోగాన్ని ఆపాలి. వేయించుకున్నవాడికి జ్వరం తగ్గదు, లాభమంతా పక్కింటివాళ్లకే. ఇలాంటి సూది వేయించుకోమని జనాన్ని ఒప్పించడం ప్రయోగశాలలో పని కన్నా కష్టం.