తెలంగాణ, కోస్తా నుడికారాల భేదం: నిడమనూరు ప్రాంతం

ఒకే భావానికి తెలంగాణలో ఒక నుడికారం, కోస్తాలో మరొకటి ఉండటం నల్లగొండ జిల్లా నిడమనూరు, మిర్యాలగూడ మొదలుకొని కోదాడ వరకు నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో బాగా వినిపిస్తుంది. మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం (1962) వెలువరించిన భద్రిరాజు కృష్ణమూర్తి విభజనలో తెలంగాణ ఉత్తర మండలం. కృష్ణా, గుంటూరు మధ్య మండలం. కోదాడ దాటితే జగ్గయ్యపేట గనుక ఇక్కడ ఆ రెండూ ఒరుసుకుంటాయి.

ఈ భేదానికి 1948 దాకా సాగిన నిజాం పాలన, దానితో వచ్చిన ఉర్దూ కారణమని తరచుగా రాస్తారు. ‘పరేషానయిండు’ (కంగారుపడ్డాడు), ‘ఇజ్జత్ తీసిండు’ (పరువు తీశాడు) వంటి వాటికి అది సరిపోతుంది. అయితే ఉర్దూ ద్వారా వచ్చిన రైతు, ఖర్చు, జవాబు కోస్తాలోనూ ఉన్నవే. కైకిలికి పోవడం (కూలికి వెళ్లడం), యాష్టకు రావడం (విసుగెత్తడం) వంటివాటిని ఉర్దూ ఖాతాలో వేయడం కష్టం. పాలన కన్నా పాతదైన ప్రాంతీయ భేదమే ఎక్కువ భాగానికి మూలం అనుకోవడం సబబు.

అసలు చిక్కు రెండు చోట్లా ఉన్న మాటలతోనే. ‘మబ్బుల లేచి పొలం పోయిండు’ అంటే ఇక్కడ తెల్లవారకముందే, చీకటితోనే వెళ్లాడని. కోస్తావారికి మబ్బు అంటే మేఘం. దాన్ని తెలంగాణలో మొగులు అంటారు. ‘బుగులైతంది’ అంటే భయమేస్తోందని. అక్కడి ‘గుబులు’లో దిగులు పాలు ఎక్కువ. ‘బువ్వ తిన్నవా’ అని ఇక్కడ పెద్దవాళ్లనూ అడుగుతారు. అక్కడ బువ్వ ఎక్కువగా పసిపిల్లల మాట. దీన్ని మోటుతనంగా లెక్కగట్టడం అన్యాయం. ‘కడుపులో చల్ల కదలకుండా’ లాంటివి ఉచ్చారణ మారినా ఇరువైపులా ఒకటే.

సాగర్ పూర్తయిన ఏడాదిని కొందరు 1967 అనీ, గేట్ల బిగింపు లెక్కతో మరికొందరు 1974 అనీ వేస్తారు. భాష చరిత్రకు కాలువలకు నీళ్లు వదిలిన 1967 ముఖ్యం. ఆయకట్టు భూములు కొని స్థిరపడిన కోస్తా రైతుల వల్ల రెండు నుడికారాలూ ఒకే ఊళ్లోకి చేరాయి. ఇంట్లో ఒకటి, బజార్లో ఒకటి వాడే కుటుంబాలు ఉన్నాయంటారు.

జిల్లా పలుకుబడిపై రవ్వా శ్రీహరి ‘నల్లగొండ జిల్లా ప్రజల భాష’ ముఖ్యమైన ఆధారం. తెలంగాణ అంతటికీ నలిమెల భాస్కర్ పదకోశం ఉంది. కవి కాళోజీ జయంతి అయిన సెప్టెంబరు 9ని 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు.