గోల్కొండ సమాధుల తోటలో నీటి జాడ

గోల్కొండ చూడవచ్చిన వారిలో అత్యధికులు బాలాహిసార్ ద్వారం వద్ద చప్పట్లు కొట్టి, ఆ ధ్వని కొండమీది బారాదరి దాకా వినిపిస్తుందని తెలిసి ఆశ్చర్యపడి, మెట్లెక్కి దిగి, అలసి ఇంటిముఖం పడతారు. బంజారా దర్వాజాకు సుమారు ఒక కిలోమీటరు దూరాన ఉన్న కుతుబ్‌షాహీ సమాధులదాకా వెళ్ళినవారైనా గుంబజులను తలెత్తి చూస్తారేగాని, తలవంచి బావిలోకి చూడరు. చూడవలసినది అదే.

ఈ వంశం వారు 1518 నుండి 1687 వరకు పాలించారు. సుల్తాన్ కులీ తన సమాధిని తన జీవితకాలంలోనే కట్టించుకున్నాడు. 1543లో హత్యకు గురై అందులో విశ్రమించాడు. ఆ హత్య చేయించాడన్న అపవాదు మోస్తున్న కుమారుడు జంషీద్ కూడా ఈ తోటలోనే ఉన్నాడు. మృత్యువు ఇరుగుపొరుగును ఎంచుకోనివ్వదు కదా! సమాధుల నడుమ ఒక హమామ్ ఉన్నది. ఖననానికి ముందు రాజవంశీకుల భౌతికకాయాలకు గుసుల్ (స్నానం) ఇక్కడే చేయించేవారు. వేడినీటికీ చన్నీటికీ తొట్లు, వాటికి మట్టిగొట్టాలు ఏర్పరచారు. నీరు సమీపంలోని బావులీల (మెట్లబావుల) నుండి వచ్చేది. మోటతో తోడిన నీరు కాలువల వెంట పారి చెట్లనూ తడిపేది.

17వ శతాబ్దంలో గోల్కొండ వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఇక్కడ చూసినదాన్ని వ్రాసిపెట్టాడు. సమాధుల వద్ద తివాచీలు పరచేవారట. సాయంత్రం వేళ వచ్చిన పేదలందరికీ రొట్టె, పలావు పెట్టేవారట. అనగా ఇది రాజుల డాంబికానికి మాత్రమే పరిమితమైన స్థలం కాదు. ఆకలిగొన్నవాడు కూడా ఈ ద్వారం గుండా వచ్చేవాడు.

1687లో ఎనిమిది నెలల ముట్టడి పిదప కోట ఔరంగజేబు వశమైంది. కడపటి సుల్తాన్ అబుల్ హసన్ తానాషా దౌలతాబాదు కోటలో బందీగా మరణించి ఖుల్దాబాదులో ఖననం చేయబడ్డాడు. తాతముత్తాతల సరసన ఆయనకు చోటు దక్కలేదు. పోషించే వంశమే లేనప్పుడు తివాచీలు పరచేదెవరు, అన్నం పెట్టేదెవరు? 19వ శతాబ్దంలో మొదటి సాలార్‌జంగ్ మరమ్మతులు చేయించాడు గాని, కాలక్రమాన బావులీలు పూడికతో, చెత్తతో నిండాయి. 20వ శతాబ్దంలో గోడలకు సిమెంటు పూశారు. సదుద్దేశంతో చేసినదే అయినా, పాత గచ్చుకు అది హాని చేసింది.

2013 వర్షాలకు బడీ బావులీ ఒక పక్క కూలిపోయింది. ఆ ఏడే ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి పునరుద్ధరణ ప్రారంభించాయి. సిమెంటు గీకి సున్నపు గచ్చు పూశారు, కూలిన రాళ్ళను ఏరి తిరిగి పేర్చారు, పూడిక తీశారు. గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారం లభించింది. 2024లో తోట పనులు పూర్తయ్యాయి.

వానలు వెలిసిన పిమ్మట వెళ్ళిన సందర్శకుడు బడీ బావులీ మెట్లమీద కాసేపు కూర్చోవాలి. అందులో మళ్ళీ నీరు నిలుస్తున్నది. ఆ నీటినే తోట చెట్లకు పెడుతున్నారు.