ఖీమా కథ: చౌక ఏది, ఖరీదు ఏది?

వార్షిక సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగినప్పుడు, మేము ఏ కోట గురించో, ఏ సుల్తాను గురించో వ్రాస్తామని మిత్రులు అనుకొని ఉంటారు. మేము ఖీమా గురించి వ్రాస్తున్నాము. నవ్వకండి. కోటల చరిత్ర చూడాలంటే బస్సెక్కి పోవాలి. ఖీమా చరిత్ర ఆదివారం నాడు మన పొయ్యి మీదికే వస్తుంది. పైగా మన ఇళ్లలో తరచు వచ్చే ప్రశ్న ఒకటున్నది: కొట్టి పెట్టిన ఖీమా చౌకగా దొరుకుతున్నది కదా, అది తెచ్చుకుందామా? లేక నాలుగు రూపాయలు ఎక్కువపెట్టి మంచి ముక్క కొని, కళ్లెదుట కొట్టించుకుందామా? ఈ ప్రశ్నకు చరిత్రలో జవాబున్నదని మా అభిప్రాయం.

ముందు మాట పుట్టుక చూద్దాం. ఖీమా అనే మాటకు మూలం తుర్కీ భాషలోని 'కియ్‌మా'. సన్నగా తరగడం అని దాని అర్థం. అది ఫార్సీ మీదుగా ఉర్దూలోకి, ఉర్దూ నుండి తెలుగులోకి వచ్చింది. కోస్తా జిల్లాల్లో దానినే కైమా అంటారు. కైమా ఉండల కూర తెలియని భోజనప్రియులు అక్కడ అరుదు. కోపం వచ్చినప్పుడు "నిన్ను కైమా చేసేస్తా" అనడం కూడా తెలుగులో ఉన్నది. మాట అంతగా మన ఇంటిదైపోయింది.

క్రీ.శ. 14వ శతాబ్దిలో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా ఢిల్లీకి వచ్చి, ముహమ్మద్ బిన్ తుగ్లక్ దర్బారులో కొంతకాలం ఉన్నాడు. అక్కడి విందులో వడ్డించిన సమోసాను ఆయన వర్ణించాడు. సన్నగా తరిగిన మాంసాన్ని బాదం, అక్రోటు, పిస్తా, ఉల్లి, మసాలాలతో వండి, పలుచని పిండిపొరలో చుట్టి, నేతిలో వేయించేవారట. ఆ తరువాత మాళవ దేశంలో, మాండూను ఏలిన గియాసుద్దీన్ ఖిల్జీ (1469–1500) కాలంలో 'నిమత్‌నామా' అనే బొమ్మల వంటపుస్తకం మొదలై ఆయన కుమారుని కాలంలో పూర్తయింది. అందులో కూడా సమోసాల తయారీ విధానాలు అనేకం. ఆ ప్రతి నేడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. మన హైదరాబాదు పెళ్లిళ్లలో ముందుగా వడ్డించే నలుచదరపు లుఖ్మీ కూడా ఈ కుటుంబంలోదే.

అక్బరు కాలానికి వస్తే లెక్కలు కూడా దొరుకుతాయి. అబుల్ ఫజల్ వ్రాసిన 'ఆయినె అక్బరీ'లో ఖీమా పలావు, ఖీమా షోర్బా పేర్లున్నవి. సమోసాకు 10 సేర్ల మాంసం, 4 సేర్ల మెత్తని పిండి, 2 సేర్ల నెయ్యి అని కొలతలతో సహా ఇచ్చాడు. అంతకన్నా ఆసక్తికరమైనవి అందులోని ధరలు. మణుగు గొర్రె మాంసం 65 దాములు, మేక మాంసం 54 దాములు, నెయ్యి 105 దాములు. అప్పట్లో 40 దాములు ఒక రూపాయి. అంటే చౌక మాంసం, ఖరీదు మాంసం అనే తేడా ఈనాడు పుట్టింది కాదు. మరొక సంగతి గమనించండి. ఆనాడు నెయ్యి మాంసం కన్నా ప్రియమైనది. కొవ్వు కలిపి తూకం పెంచుదామనుకున్న వానికి నెయ్యి కలిపితే నష్టమే! ఈనాడు కసాయి పారవేయవలసిన చర్బీని ఖీమాలో కలిపితే మాత్రం అది మాంసం ధరకే అమ్ముడుపోతుంది. తిరకాసు అంతా అక్కడే ఉన్నది.

మా చిన్నతనంలో దాదీ మాంసం ముక్క తెప్పించి, ఎముక తీసి, చెక్కపీట మీద కత్తితో తానే తరిగేది. పండగ వస్తే చేతులు నొప్పులు పుట్టేవి. ఎక్కువ కావాలంటే కసాయి దగ్గరికి వెళ్లేవాళ్లం. ఆయన చింతమొద్దు మీద బుగ్దాతో టకటకా కొడుతుంటే ఎదురుగా నిలబడి చూసేవాళ్లం. ఏ ముక్క పడింది, ఎంత చర్బీ తీశాడు, అంతా కళ్లకు కనిపించేది. చేతితో తిప్పే ఖీమా మరలు యూరప్‌లో 19వ శతాబ్దిలో వచ్చాయి. తరువాత కరెంటు మరలు వచ్చాయి. చేతుల నొప్పి పోయింది. మంచిదే. కానీ దానితోపాటు చూసే అలవాటు కూడా పోయింది.

ముక్కగా ఉన్న మాంసం తానెవరో చెప్పుకుంటుంది. రాన్ అయితే రాన్, సీనా అయితే సీనా. ఒకసారి మరలో పడిన తరువాత రాన్, సీనా, ఛీఛడే, ఫేఫ్సా అన్నీ ఒకే రంగు. ఇది మన దేశపు సమస్య మాత్రమే కాదు. 1906లో అప్టన్ సింక్లేర్ అనే రచయిత 'ది జంగిల్' అనే నవలలో షికాగో మాంసపు కర్మాగారాల స్థితిని బయటపెట్టగా, అమెరికా దేశమంతా అట్టుడికిపోయింది. అదే ఏడాది జూన్‌లో మాంసం తనిఖీ చట్టం వచ్చింది. మన దేశంలో 1954లో ఆహార కల్తీ నిరోధక చట్టం చేశారు. దాని స్థానంలో 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2011 ఆగస్టు నుండి అమలులోకి వచ్చింది.

చట్టాలు ఉంటే చాలునా? 2013 జనవరిలో ఐర్లండు ఆహార అధికారులు బజారులో అమ్మే 27 రకాల గొడ్డుమాంసపు బర్గర్లను పరీక్షించారు. 10 రకాలలో గుర్రపు మాంసపు ఆనవాళ్లు, 23 రకాలలో పంది మాంసపు ఆనవాళ్లు బయటపడ్డాయి. చాలావాటిలో అది స్వల్పమే. కానీ ఒకదానిలో మాంసంలో 29 శాతం గుర్రానిదే! అంత చట్టాలున్న దేశంలో, అందమైన పెట్టెలలో, ఇది జరిగింది. ముక్కలుగా అమ్మితే ఇంత తేలికగా జరిగేదా?

ఇక మా ఇంటి సంగతి. కొన్నేళ్ల క్రితం రంజాన్‌లో తోటి ఉపాధ్యాయులను ఇఫ్తార్‌కు పిలిచాము. ఖర్చు కలిసి వస్తుందని, ఒక దుకాణంలో ముందే కొట్టి పెట్టిన ఖీమా మూడు కిలోలు తెచ్చాము. దుకాణం పేరు అనవసరం. పెనం మీద కబాబులు విడిపోయాయి. గిన్నెలో నూనె పైకి తేలింది. అది ఎలాగో సర్దుకున్నాం. పిలిచిన వారిలో రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఆయన మెల్లగా అడిగారు: "మాస్టర్ సాబ్, గోష్ ఎక్కడిది?" చెప్పాము. "కోసింది చూశారా?" చూడలేదని చెప్పాము. ఆయన మరొక మాట అనలేదు. పప్పు, రొట్టె తిని, దువా చేసి లేచారు. అది హలాల్ కాదని ఎవరూ అనలేదు. కానీ అవునని చెప్పడానికి మా దగ్గర సాక్ష్యం లేదు! అందరూ వెళ్లాక అమ్మీ అన్నది: "బేటా, పైసలు మిగిలాయి. ముఖం మిగల్లేదు."

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాము. లెక్క కోసం ఇలా అనుకోండి. చౌక ఖీమా కిలో 500 రూపాయలు. ఉడికి, నీరూ కొవ్వూ పోగా మిగిలింది 600 గ్రాములు. మంచి ఖీమా కిలో 600 రూపాయలు. మిగిలింది 800 గ్రాములు. తినే మాంసం కిలోకు లెక్కగడితే మొదటిది 833 రూపాయలు, రెండవది 750. ఏది చౌక? మా ఆరో తరగతి పిల్లవాడు కూడా చెప్పగలడు.

అయితే ఖరీదైనదంతా మంచిదని మేము అనడం లేదు. ఎక్కువ ధర కట్టి, కళ్లు మూసుకొని కొంటే ఏం లాభం? అలాగే చౌకదంతా చెడ్డదీ కాదు. సీఖ్ కబాబుకు అయిదో వంతు చర్బీ ఉంటేనే మెత్తగా వస్తుంది. కాబట్టి దానికి సీనా, గర్దన్ ముక్కలు చాలును. లుఖ్మీకి, సమోసాకు పొడిగా ఉండాలి. వాటికి రాన్ లేక దస్తీ మేలు. ఏ ముక్కైనా సరే, ముందు చూడండి, కడిగించండి, నీరు ఆరిన తరువాత మీ ఎదుటే కొట్టించండి. మరలో ముందువారి మాంసం మిగిలి ఉందేమో చూడండి. ఖీమా ముక్క మాంసం కన్నా త్వరగా చెడుతుంది గనుక ఆ రోజే వండండి.

డబ్బు చాలని నెలలో ఏం చేయాలంటారా? మన అమ్మలు ఏనాడో చెప్పారు. కిలో నాసిరకానికి బదులు అరకిలో మంచిది తేండి. అందులో ఆలుగడ్డ వేయండి, మెంతికూర వేయండి, బటానీ వేయండి. షామీ కబాబులో శనగపప్పు ఎందుకున్నది? పిండి పట్టు కోసం మాత్రమే కాదు, నలుగురికి రావలసినది ఆరుగురికి రావాలని. అందులో సిగ్గేమీ లేదు. పప్పు వేసిన సంగతి తినేవానికి తెలుసు, పెట్టేవారికి తెలుసు. చర్బీ కలిపిన సంగతి అమ్మినవానికి మాత్రమే తెలుసు. పొదుపుకూ మోసానికీ ఉన్న తేడా అదే.

కనుక సోదర సోదరీమణులారా, చౌకా ఖరీదా అని అడిగే ముందు, చూశామా లేదా అని అడుగుదాం. మన ఇంటికి వచ్చిన అతిథి "గోష్ ఎక్కడిది?" అని అడిగితే తల వంచకుండా జవాబు చెప్పగలగాలి. ఆ జవాబు చెప్పగలిగిన ఖీమాయే చౌక. చెప్పలేనిది ఎంతకు కొన్నా ప్రియమే.