వెల్వెట్ కొమ్ము: కుళ్లకుండా ఆపడానికి మనిషి వాడిన విషాలు

పాత కోటల్లో, మ్యూజియంలలో గోడకి తగిలించిన జింక తలలు చూసే ఉంటారు. వాటిలో చాలావాటికి కొమ్ములు నున్నగా, ఎండిన ఎముకలా ఉంటాయి. కానీ కొమ్ము పెరిగే నెలల్లో జింకని చూస్తే సీన్ వేరు. కొమ్ము మొత్తం మెత్తటి చర్మం, దాని మీద సన్నటి నూగు. దాన్నే వెల్వెట్ అంటారు. మరి గోడల మీద ఆ వెల్వెట్ ఎందుకు అంత అరుదు? ఈరోజు కథ అదే.

ముందు బేసిక్స్. ఆవు కొమ్ము జీవితాంతం ఉంటుంది. మన దుప్పి కొమ్ములు మాత్రం రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. అలా మొలిచేటప్పుడు వెల్వెట్ లోపల రక్తనాళాలు, నరాలు ఉంటాయి. ఎల్క్ లాంటి పెద్ద జింకలకైతే రోజుకి 2 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది! ఎదుగుదల అయ్యాక రక్తం ఆగిపోతుంది, చర్మం ఎండుతుంది, జింక చెట్లకి రుద్ది దాన్ని ఊడగొట్టేస్తుంది. అంటే వెల్వెట్ ఉన్న కొమ్ము ఇంకా ప్రాణమున్న కొమ్ము. జంతువు చనిపోతే అందులో రక్తం నిలిచిపోయి కుళ్లుతుంది, నూగు ఊడిపోతుంది.

18వ శతాబ్దం యూరప్‌లో అసలు చర్మాలు నిలబెట్టడమే పెద్ద తలనొప్పి. చిమ్మటలు, పురుగులు తినేసేవి. ఫ్రాన్స్‌లోని మెట్జ్ ఊళ్లో బెకర్ అనే మందుల తయారీదారు ఒక సబ్బు చేశాడు. సబ్బు, కర్పూరం, సున్నం లాంటివాటితో పాటు అందులో అసలు సరుకు ఆర్సెనిక్. మన పెద్దవాళ్ల భాషలో పాషాణం! ఫార్ములా ఆయన బయటపెట్టలేదు. 1777లో చనిపోయాడు. ప్యారిస్ మ్యూజియంలో పనిచేసిన లూయీ డుఫ్రేన్ 1803లో దాన్ని అచ్చు వేయించాడు. మన భాషలో చెప్పాలంటే కోడ్ ఓపెన్ సోర్స్ అయిపోయింది. పురుగులు ఆగాయి. కానీ ఆ విషం ఇంకా పోలేదు. ఈరోజుకీ మ్యూజియం స్టాఫ్ పాత నమూనాల్ని గ్లోవ్స్ వేసుకునే ముట్టుకుంటారు.

అయితే ఆ సబ్బు చర్మానికి పూసేది. వెల్వెట్ సమస్య లోపలి రక్తం. దానికి దారి దొరికింది 1893లో. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫెర్డినాండ్ బ్లుమ్ అనే డాక్టర్, క్రిములు చంపడానికి ఫార్మాలిన్ పనికొస్తుందా అని పరీక్షిస్తున్నాడు. తన వేళ్ల చర్మమే గట్టిపడటం గమనించాడు. అంటే ఇది కణజాలాన్ని కుళ్లనివ్వకుండా బిగించేస్తుంది! బైపీసీ ఫ్రెండ్స్‌కి ల్యాబ్‌లో కప్ప సీసా మూత తీస్తే కళ్లు మండిన ఆ వాసన గుర్తుండే ఉంటుంది, అదే ఇది.

టాక్సిడెర్మిస్టులు దీన్ని కొమ్ముకి వాడారు. కొమ్ముని తలకిందులుగా పెట్టి, కొనల దగ్గర చిన్న గాట్లు పెట్టి, రక్తం కారిపోనిస్తారు. తర్వాత మొదట్లోని నాళాల్లోకి సిరంజితో ఫార్మాలిన్ ఎక్కిస్తారు, కొనల్లోంచి బయటికొచ్చేదాకా. ఆ పైన నెమ్మదిగా ఆరబెట్టడమే. కొంచెం రక్తం మిగిలినా వాసన మొదలు.

కానీ బిల్లు ఎవరు కట్టారు? గాలి సరిగా ఆడని గదుల్లో ఆ పని చేసినవాళ్లు. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. అందుకే ఇప్పుడు చాలామంది ఫ్రీజ్ డ్రైయింగ్ వైపు వెళ్తున్నారు. గడ్డకట్టించి, వ్యాక్యూమ్‌లో మంచుని నేరుగా ఆవిరి చేసేస్తారు. ఇంకొందరు అసలు వెల్వెట్ తీసేసి, కొమ్ముకి జిగురు పూసి కృత్రిమ నూగు అంటిస్తారు.

చూశారా, 200 ఏళ్లకు పైగా విషాలతో కుస్తీ పట్టి, చివరికి నకిలీ నూగు దగ్గరికి కూడా వచ్చాం. జింక ఎలాగూ కొన్ని నెలలకి వదిలేసే చర్మం కోసం!

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. జింకని వేటాడటం, దాని కొమ్ములు కొనడం, అమ్మడం నేరం. నల్లమలకి ట్రిప్ వెళ్లినప్పుడు రాలిన కొమ్ము కనిపిస్తే ఫొటో తీసుకోండి, బ్యాగులో మాత్రం వేసుకోకండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. బై!