పని స్థలంలో ప్రథమ చికిత్స: యజమాని బాధ్యతలు

కార్మికుడికి దెబ్బ తగిలితే తక్షణ చికిత్స అందించే ఏర్పాటు యజమాని చట్టబద్ధ బాధ్యత. 2025 వరకు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్ ప్రకారం ప్రతి 150 మంది కార్మికులకు కనీసం ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాల్సి ఉండేది. నిర్దేశించిన సామగ్రి తప్ప అందులో మరేదీ పెట్టకూడదని ఆ సెక్షన్ చెప్పింది. బీరువా తాళాలకూ బిల్లులకూ అది చోటు కాదు. ప్రథమ చికిత్సలో ధ్రువపత్రం ఉన్న వ్యక్తి పని వేళల్లో అందుబాటులో ఉండాలనీ అది కోరింది. కార్మికులు 500 మందికి మించితే వైద్య, నర్సింగ్ సిబ్బందితో అంబులెన్స్ గది తప్పనిసరి.

భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987 సవరణతో చేరిన 41బి సెక్షన్ ప్రమాదకర పరిశ్రమలకు అత్యవసర ప్రణాళికను విధించింది. దాన్ని కార్మికులకే కాదు, చుట్టుపక్కల జనానికీ తెలపాలని చెప్పింది. ఆ నియమం ఉన్నా, 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ఆ వేళ సైరన్ మోగలేదని ప్రభుత్వ విచారణ కమిటీ తేల్చింది.

ప్రమాదం పెద్ద పరిశ్రమలకే పరిమితం కాదు. బాపట్ల జిల్లా అడవులదీవి, నిజాంపట్నం తీరంలో బతుకుతెరువు చేపలు, రొయ్యలు. ఐస్ ఫ్యాక్టరీల్లో అమ్మోనియా, చెరువు గట్టున ఏరేటర్ల కరెంటు ఇక్కడి అసలు ముప్పులు. అమ్మోనియా కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడగాలి. షాక్ కొట్టిన మనిషిని ముట్టుకునే ముందు కరెంటు ఆపాలి.