చెప్పే యంత్రం, వినే యంత్రం

తెలుగువారికి సముద్రం కొత్త కాదు. శాతవాహన ప్రభువు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేలమీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉన్నది. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో పరదేశ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. ఆనాటి ఓడలో చుక్కను చూసేవాడూ, చుక్కాని పట్టేవాడూ మనుషులే. ఒకరు చెబితే ఒకరు వినేవారు; అనుమానం వస్తే మళ్ళీ అడిగేవారు.

ఈనాడు ఆ మాటలు యంత్రాలు మాట్లాడుకుంటున్నాయి. ఆ యంత్రాల భాష పుట్టింది మనం కాపురముంటున్న ఈ అమెరికాలోనే.

ఒకప్పుడు లోతు కొలిచే పరికరానిది ఒక పద్ధతి, దిక్సూచిది ఒకటి, చుక్కానిని తనంతట తిప్పే ఆటోపైలట్‌ది మరొకటి. ఒక కంపెనీ సరుకు మరొక కంపెనీ సరుకుతో కలిసేది కాదు. 1957లో ఏర్పడిన నేషనల్ మెరైన్ ఎలక్ట్రానిక్స్ అసోసియేషన్ ఈ చిక్కు విప్పటానికి పూనుకొని, 1983లో ‘0183’ అనే ప్రమాణాన్ని తెచ్చింది. చిత్రమేమిటంటే, అందులో పంపేదాన్ని ‘మాట్లాడేది’ అనీ, అందుకునేదాన్ని ‘వినేది’ అనీ, పంపే సమాచారాన్ని ‘వాక్యం’ అనీ అంటారు. వాక్యం డాలరు గుర్తుతో మొదలవుతుంది, 82 అక్షరాలు మించదు, చివర నక్షత్రం గుర్తు తరువాత తప్పులు పట్టే లెక్క ఉంటుంది. వేగం సెకనుకు 4,800 బిట్లు.

పడవలో కంప్యూటర్ పెట్టుకునేవారికి మొదటి పాఠం ఈ వేగమే. రెండువైపులా ఒకటే ఉండాలి. చుట్టుపక్కల ఓడల వివరాలు తెచ్చే ఏఐఎస్ 38,400 వేగంతో మాట్లాడుతుంది. దాన్ని 4,800కు పెట్టి వింటే తెరమీద పిచ్చి గీతలే. ఈ తప్పు మంచిది, ఎందుకంటే కంటికి కనిపిస్తుంది. కనిపించని తప్పే ప్రాణాంతకం.

1995 జూన్ 9న ‘రాయల్ మెజెస్టీ’ అనే విహారనౌక బెర్ముడా నుంచి బోస్టన్‌కు బయలుదేరింది. గంట తిరగకుండానే జీపీఎస్ యాంటెన్నా తీగ ఊడిపోయింది. ఉపగ్రహాలు అందక, జీపీఎస్ వేగమూ దిశా చూసి లెక్కగట్టే అంచనాలోకి దిగింది. గాలీ అలలూ ఓడను పక్కకు నెడుతున్న సంగతి ఆ లెక్కకు తెలియదు. అయినా వాక్యాలు ఆగలేదు. వాటిలో ‘ఈ స్థానం నమ్మదగినది కాదు’ అనే గుర్తు కూడా ఉన్నది. కానీ వినే ఆటోపైలట్‌కు ఆ గుర్తును చూడటం నేర్పలేదు. అంకెలు తీసుకున్నది, హెచ్చరిక వదిలేసింది.

మరునాటి రాత్రి పదిన్నర కావస్తుండగా, దారికి 17 మైళ్ళు పక్కగా, మాసచూసెట్స్‌లోని నాంటకెట్ దీవికి తూర్పున ఇసుక మేటల్లో ఓడ కూరుకుపోయింది. ఓడలో 1,509 మంది. అదృష్టవశాత్తు ఎవరికీ ఏమీ కాలేదు. నష్టం సుమారు 70 లక్షల డాలర్లు. నేషనల్ ట్రాన్స్‌పోర్టేషన్ సేఫ్టీ బోర్డు 1997 నివేదిక యంత్రాన్ని ఒక్కదాన్నే తప్పుపట్టలేదు. స్థానం తెలిపే లోరాన్ అనే వేరే రేడియో పరికరం ఆ ఓడలోనే ఉన్నది. అధికారులు దానితో సరిచూసుకోలేదు, తెరనే నమ్మారు.

‘చెప్పేవాడికి వినేవాడు లోకువ’ అని మన సామెత. ఆ రాత్రి అక్షరాలా అదే జరిగింది. చెప్పేదాని వాక్యంలో వ్యాకరణం సరిగానే ఉన్నది. వినేదానికి విచక్షణ లేకపోయింది. ఆ పాత ప్రమాణం నేటికీ వాడుకలోనే ఉన్నది. దానికి తోడుగా ‘2000’ అనే కొత్తదీ వచ్చింది. పడవ కొనుక్కున్న మన మిత్రులకూ, కంప్యూటర్లతో బ్రతికే మన పిల్లలకూ చెప్పవలసినది ఒక్కటే: రెండు యంత్రాలను కలిపి, అంకెలు కదలగానే పని అయిపోయిందనుకోకండి. ఒకసారి కావాలనే యాంటెన్నా తీగ పీకి, వినే యంత్రం ఏమంటుందో చూడండి. ఆ తరువాతనే లంగరెత్తండి.