గొట్టం వెనక చరిత్ర: నాటు తుపాకీ నుంచి కలాష్నికోవ్ దాకా

తెలుగు కవిత్వంలో తుపాకీ పేలినంతగా మరే వస్తువూ పేలలేదు. 1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు జరిగాయి. మీరు ఎటువైపో తేల్చుకోండని ఇక్కడి విద్యార్థులు రచయితలను నిలదీసింది ఆ సందర్భంలోనే. అప్పటి నుంచి తుపాకీ మన కవులకు పెళ్లికూతురయింది, కలమయింది, సూర్యోదయమయింది. కాని తుపాకీ మాత్రం తుపాకీ కాలేదు. నాగలి మీద రాసే కవికి మేడి తెలుసు, కర్రు తెలుసు, కాడి తెలుసు. మగ్గం మీద రాసేవాడికి నాడె తెలుసు, పడుగూ పేకా తెలుసు. తుపాకీ మీద రాసేవాడికి తెలిసిన భాగం ఒక్కటే, గొట్టం. అది కూడా మావో మాట ద్వారా తెలిసిందే తప్ప చూసి తెలుసుకున్నది కాదు.

వస్తువే ప్రధానమని వాదించే అభ్యుదయ విమర్శ ఈ లోటును ఇంతకాలం ఎందుకు పట్టించుకోలేదో ఆలోచించవలసి వుంది. తుపాకీ ఆకాశం నుంచి వూడిపడదు. దానికి కర్మాగారం కావాలి, ఉక్కు కావాలి, దాన్ని ఎవరి చేతికి ఇవ్వాలో ఎవరికి ఇవ్వకూడదో తేల్చే పాలకవర్గం కావాలి. ఆ నిర్ణయాలన్నీ దాని నిర్మాణంలోనే కనిపిస్తాయి. ఇది తెలుసుకోవడానికి మన మన్యం చరిత్ర కంటే మంచి పాఠ్యగ్రంథం లేదు.

మొదట 1857 దగ్గరికి వెళ్లాలి. ఆనాటి ఎన్‌ఫీల్డ్ తుపాకీకి తూటా కొవ్వు వల్ల వచ్చిన పేరు అందరికీ తెలుసు. తరవాత జరిగిన సంగతి చాలామందికి తెలియదు. ఎన్‌ఫీల్డ్ గొట్టం లోపల మెలిదిరిగిన గాళ్లు వుంటాయి. వాటివల్ల గుండు బొంగరంలా తన చుట్టూ తాను తిరుగుతూ పోతుంది. తిరిగే బొంగరం పడిపోనట్టే తిరిగే గుండు దారి తప్పదు. రైఫిల్ అనే మాటకు అర్థమే ఆ గాళ్లు. తిరుగుబాటు అణిగాక బ్రిటిష్ ప్రభుత్వం చేసిన పనులలో ఒకటి, దేశీయ సిపాయి కోసం గాళ్లు లేని నున్నటి గొట్టంతో అదే తుపాకీని వేరుగా తయారు చేయించడం. చూడడానికి దొర చేతిలోని తుపాకీ, సిపాయి చేతిలోని తుపాకీ ఒకటే. దొర గుండు వెళ్లే దూరానికి సిపాయి గుండు గురిగా వెళ్లదు. ఆ తరవాత కూడా ఇదే వరస. తెల్ల పటాలానికి మార్టినీ-హెన్రీ వచ్చినప్పుడు నల్ల పటాలానికి పాత స్నైడర్, తెల్లవారికి లీ-మెట్‌ఫర్డ్ వచ్చినప్పుడు మనవారికి మార్టినీ. ఎప్పుడూ ఒక తరం వెనక.

పోలీసుల సంగతి ఇంకా విచిత్రం. ఇచ్ఛాపూర్ కర్మాగారంలో లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లనే తీసుకుని, గొట్టం నున్నగా తొలిచి, మాగజైను వుండవలసిన చోట కొయ్యముక్క బిగించి, ఒక్కసారికి ఒక్క తూటా మాత్రమే పెట్టుకునేటట్టు మార్చి .410 మస్కెట్ అనే పేరుతో పోలీసులకూ కాపలాదారులకూ ఇచ్చారు. బాగా పనిచేసే యంత్రాన్ని ఖర్చు పెట్టి మరీ చెడగొట్టడం ఇంజనీరింగ్ చరిత్రలో అరుదైన విషయం. ఆ కొయ్యముక్కను మించి వలస పాలన స్వభావాన్ని చెప్పే పత్రం నాకు కనిపించలేదు.

ఇక ప్రజల చేతిలో ఏముంది? నాటు తుపాకీ. తెలంగాణలో దాన్నే భర్మార్ అన్నారు. గొట్టం మూతి నుంచి మందు పోసి, గుడ్డపీలిక కుక్కి, రవ్వలో గుండో వేసి, కడ్డీతో దట్టించాలి. ఒకసారి పేల్చాక మళ్లీ సిద్ధం కావడానికి అర నిమిషమైనా పడుతుంది. వానలో మందు తడిస్తే అంతే సంగతులు. కాని దానికొక గొప్ప గుణం వుంది. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపి మందు ఇంట్లో నూరుకోవచ్చు. సీసం కరిగించి గుండు పోసుకోవచ్చు. గొట్టం చెడితే వూరి కమ్మరి బాగు చేస్తాడు. అంటే ఆ తుపాకీ వాడేవాడు ఏ ప్రభుత్వం మీదా ఆధారపడడు. లిట్టన్ ప్రభుత్వం 1878లో ఆయుధాల చట్టం తెచ్చి భారతీయుడి తుపాకీకి లైసెన్సు తప్పనిసరి చేసింది ఇందుకే. మరుసటి సంవత్సరం, 1879 మార్చిలో, చిగురుపన్ను మీదా ముఠాదారుల అగచాట్ల మీదా రంప పితూరీ లేచింది. కల్లు మీద పన్ను వేసిన ప్రభుత్వమే తుపాకీ మీద లైసెన్సు పెట్టడం కాకతాళీయమని నేననుకోను.

1922 నాటికి పరిస్థితి మారింది. మద్రాసు అటవీ చట్టం 1882లో వచ్చింది, పోడు నేరమయింది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా వేసే రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేసిన దోపిడీ తోడయింది. అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర తదితరులు ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడ్డారు. మూడు రోజుల్లో 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు చిక్కాయి.

ఇక్కడ మన కూడళ్లలోని విగ్రహాల గురించి ఒక్క మాట. చాలా విగ్రహాల్లో సీతారామరాజు చేతిలో విల్లు వుంటుంది, వీపున అంబులపొది వుంటుంది. విల్లమ్ములు మన్యం వీరుల చేతిలో వుండడం నిజమే. కాని ఆయన చేసిన మొదటి మూడు దాడుల లక్ష్యం తుపాకులు. తన ఎదుట వున్నవాడి ఆయుధం ఏమిటో, తన దగ్గరున్నది ఎందుకు చాలదో లెక్క కట్టినవాడు ఆయన. ఆ లెక్కను తీసేసి విల్లు ఒక్కటే మిగిల్చితే అతను పురాణ పురుషుడవుతాడు, చారిత్రక పురుషుడు మాత్రం కాడు.

సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు. ముందు నడిచే దళాన్ని పోనిచ్చి, వెనక వచ్చే దొరల మీద గురి పెట్టిన కాల్పులవి. ఆ తరవాత అసలు చిక్కు వచ్చింది. ఇత్తడి గుల్లలో మందూ గుండూ బిగించిన తూటాను వూళ్లో తయారు చేసుకోలేరు. నాటు మందులా నూరుకోలేరు. దానికి ఫ్యాక్టరీ కావాలి. కాబట్టి స్టేషను తుపాకీ పట్టినవాడు తూటా కోసం మళ్లీ స్టేషనుకే రావాలి. ప్రభుత్వానికి ఈ సంగతి బాగా తెలుసు. అక్టోబరు 15న అడ్డతీగల వెళితే ఆయుధాలు దొరకలేదు. 19న రంపచోడవరంలో ముందే దాచేశారు. అవతలి పక్షానికి మలబారు స్పెషల్ పోలీసులు వచ్చారు, 1924లో అస్సాం రైఫిల్స్ వచ్చాయి. వాళ్ల తూటాలకు లెక్క లేదు. 1924 మే 7న రాజు మరణం వెనక ఆకలి, మలేరియా, ద్రోహం ఎంత వున్నాయో, ఖాళీ అయిన తూటాల సంచి కూడా అంత వుంది.

పాలకుల చేతిలోని .303 లీ-ఎన్‌ఫీల్డ్ ఆనాటికి ఉత్తమ యంత్రం. పక్కనున్న పిడిని పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి వంచితే ఒక తూటా ఎక్కుతుంది. మాగజైనులో పది. శిక్షణ పొందిన సైనికుడు నిమిషానికి పదిహేను గురి గుళ్లు పేల్చగలడు. ఈ తుపాకీ స్వాతంత్ర్యం వచ్చాక కూడా పోలేదు. 1946-51 తెలంగాణ పోరాటంలో వడిసెల, భర్మార్ పట్టినవారికి ఎదురైంది ఇలాంటి ఆయుధాలే. విశాఖ ఉక్కు కోసం అమృతరావు నిరాహారదీక్షకు కూర్చున్న 1966లోనూ, నవంబరు 1న ఈ నగరంలో జనం మీద కాల్పులు జరిగినప్పుడూ, మన పోలీసు వ్యవస్థ ఆ బోల్టు తుపాకుల మీదే నడిచేది. ఆ ఉద్యమంలో రాష్ట్రం మొత్తం మీద 32 మంది ప్రాణాలు పోయాయి. ఉక్కు కావాలని అడిగినవారికి ముందు అందింది ఆ రూపంలోని ఉక్కే.

ఇంతలో ప్రపంచంలో ఒక మార్పు జరిగిపోయింది. .303 వంటి తుపాకులకు రెండువేల గజాల దాకా గురి గీతలు వుండేవి. కాని యుద్ధాల్లో సైనికులు నిజంగా కాల్చుకునేది మూడు నాలుగు వందల గజాల లోపలే. దూరం కోసం పోసిన మందు అంతా భుజాన్ని తన్నడానికే పనికొస్తున్నది. జర్మన్లు ఈ సంగతి గ్రహించి తూటాను కురచ చేశారు. తన్ను తగ్గింది, బరువు తగ్గింది, మనిషి ఎక్కువ తూటాలు మోయగలిగాడు, వరసగా పేల్చినా తుపాకీ అదుపులో వుంది. హ్యూగో ష్మైసర్ పేరు ముడిపడిన ఈ ఆయుధాన్ని మొదట హిట్లర్ వద్దన్నాడు. తరవాత 1944లో ‘దాడి తుపాకీ’ అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. అసాల్ట్ రైఫిల్ అన్న మాట దాని అనువాదమే. పేరు ఫాసిస్టు ప్రచారం నుంచి పుట్టిందని గుర్తు పెట్టుకుంటే మంచిది.

ఆ ఫాసిజంతో పోరాడి 1941లో బ్ర్యాన్‌స్క్ దగ్గర గాయపడ్డ ట్యాంకు సార్జెంటు మిఖాయిల్ కలాష్నికోవ్. అతని 1947 నమూనాను సోవియట్ సైన్యం 1949లో స్వీకరించింది. ఒక్కడి మేధస్సు అని చెప్పుకోవడం రివాజు గాని, జైత్సెవ్ వంటి సహచరుల చేయీ, పోటీలో ఓడిన ఇతర నమూనాల ఆలోచనలూ అందులో వున్నాయి. అది పనిచేసే తీరు చెప్పుకుందాం. మందు కాలి పుట్టిన వాయువు గుండును ముందుకు తోస్తుంది. గొట్టంలో ఒక చోట చిన్న రంధ్రం. గుండు దాన్ని దాటగానే కొంత వాయువు పైకి మళ్లి పిస్టనును వెనక్కి తంతుంది. పిస్టనుతో వెనక్కి కదిలే బరువైన దిమ్మె బోల్టును తిప్పి గడియ తీస్తుంది, ఖాళీ గుల్ల బయట పడుతుంది. వెనకనున్న స్ప్రింగు మళ్లీ అంతటినీ ముందుకు నెట్టి కొత్త తూటాను ఎక్కిస్తుంది, బోల్టు తిరిగి గడియ పడుతుంది. లీ-ఎన్‌ఫీల్డ్‌లో చేయి చేసిన నాలుగు పనులనూ వాయువే చేస్తుంది, నిమిషానికి ఆరువందల సార్ల వేగంతో. దీని ప్రత్యేకత భాగాల మధ్య వదులు. ఇసుకా బురదా చొరబడినా ఆగదు. గురి కాస్త పోతే పోయింది, పని ఆగకూడదన్నది దాని సూత్రం.

మొదట దీని పెట్టెను ఉక్కు రేకు అచ్చొత్తి చేయాలనుకున్నారు. రేకులు వంకరపోయి చాలా పెట్టెలు పనికిరాకపోయాయి. కొన్నేళ్లు ఉక్కు దిమ్మెను తొలిచి చేశారు. దిమ్మెను తొలిస్తే ఎంత ఇనుము పొట్టుగా పోతుందో, ఎన్ని గంటలు పడుతుందో గాజువాక ఆటోనగర్‌లో లేతు పనివాడు ఎవరైనా చెబుతాడు. 1959లో అచ్చొత్తే పద్ధతి కుదిరి బరువు తగ్గింది. ప్రపంచమంతా వ్యాపించింది ఈ అచ్చు కుదిరాకే. నేడు ఈ కుటుంబపు తుపాకులు సుమారు పది కోట్లని అంచనా. మొజాంబిక్ జెండా మీద కూడా వుంది.

పెట్టుబడిదారీ దేశాల కథ మరొక రకం. బ్రిటన్ కురచ తూటాను ప్రతిపాదిస్తే అమెరికా ఒప్పుకోలేదు. పెద్ద తూటానే నాటో మీద రుద్దింది. బెల్జియం వాడు సైవ్ చేసిన ఎఫ్.ఎ.ఎల్. ఆ పెద్ద తూటాకు సాగదీయబడింది. ఆ తరవాత కొన్నేళ్లకే అమెరికా తానే అంతకంటే చిన్న 5.56 తూటాకు మారి వియత్నాంకు ఎం-16 పంపింది. మందు రకం మార్చి, లోపల క్రోమియం పూత పెట్టక, శుభ్రం చేసుకునే సామగ్రి ఇవ్వక పంపిన ఆ తుపాకులు అడవుల్లో బిగుసుకుపోయాయి. 1967లో వాళ్ల పార్లమెంటు ఉపసంఘమే దీన్ని తప్పుపట్టింది. మనమేమో 1962 యుద్ధంలో .303 వెనకబాటు తెలిశాక ఎఫ్.ఎ.ఎల్. నమూనాకే వెళ్లాం. ఇచ్ఛాపూర్‌లో తయారైన ఎస్.ఎల్.ఆర్. అదే. సొంతంగా రూపొందించిన ఇన్సాస్ 1990ల చివరికి గాని సైన్యం చేతికి రాలేదు. 1999 కార్గిల్ చలికి దాని మాగజైన్లు పగిలాయి. 2008 నవంబరులో ముంబాయి రైల్వే స్టేషనులో కలాష్నికోవ్‌ల ఎదుట నిలబడిన రైల్వే పోలీసు చేతిలో ఇంకా .303 వుంది. కానిస్టేబులు కూడా పల్లె నుంచి వచ్చిన పేదవాడేనని మన కథలు అప్పుడప్పుడు మరచిపోతుంటాయి.

మన సరిహద్దులోకి వస్తే, 2004 ఫిబ్రవరిలో కోరాపుట్ జిల్లా ఆయుధాగారం మీద మావోయిస్టులు దాడి చేశారు. ఎనభై ఏళ్ల తరవాత కూడా తుపాకీ, తూటా దొరికే చోటు మారలేదు. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో లాంచీ మీద జరిగిన దాడిలో 38 మంది చనిపోయారు, ఎక్కువమంది మన గ్రేహౌండ్స్ వాళ్లు. ఇరుపక్షాల చేతుల్లోనూ ఒకే రకం తుపాకీ వున్న యుద్ధంలో గెలుపును నిర్ణయించేది తుపాకీ కాదు, దాని వెనక నిలబడిన ఫ్యాక్టరీ, రోడ్డు, ఖజానా. గొట్టంలోంచి అధికారం పుట్టేమాట సరే, తూటా ఎక్కడ పుడుతుందన్న ప్రశ్న మన వుద్యమ కవిత్వం వేసుకోలేదు. వేసుకున్నట్టయితే 1969 డిసెంబరు 22న కాల్పులకు బలైన సుబ్బారావు పాణిగ్రాహి మీద మనం రాసిన ఎలిజీలు ఇంకొంత లోతుగా వుండేవని నా విశ్వాసం. జముకుల కథ చెప్పి గిరిజనులనూ రైతులనూ కదిలించినవాడతను. ఆ కళకు తూటాలు కొనవలసిన పని లేదు.

కలాష్నికోవ్ కూడా యవ్వనంలో కవి కావాలనుకున్నవాడే. జీవితాంతం పద్యాలు రాశాడు. రైతులకు పనికొచ్చే గడ్డికోత యంత్రం లాంటిది చేసివుంటే బాగుండేదని 2002లో అన్నాడు. 2013లో మరణించాక బయటికొచ్చిన ఉత్తరంలో, తన తుపాకీ తీసిన ప్రాణాలకు తాను బాధ్యుడినా అని చర్చి పెద్దను అడిగాడు. దీన్ని పశ్చాత్తాపమని పత్రికలు పండగ చేశాయి. ఆర్డరిచ్చిన ప్రభుత్వాలనూ అమ్ముకున్న వ్యాపారులనూ వదిలి ముసలి పనివాణ్ణి ఒక్కణ్ణే బోనెక్కించడం నాకు న్యాయంగా తోచలేదు.

మన సాహిత్యంలో తుపాకీ గురించిన మంచి రచన ఏదని విద్యార్థులు అడిగితే నేను చెప్పేది ఏ గేయమూ కాదు. స్టేషన్ల మీద దాడి చేసినప్పుడు రాజు అక్కడి రికార్డు పుస్తకం తెరిపించి, తాను తీసుకుపోతున్న ఆయుధాల వివరాలు అందులో రాసి, కింద సంతకం చేశాడు. అందులో ఉపమానం లేదు, విశేషణం లేదు. ఎన్ని తుపాకులు, ఎన్ని తూటాలు, అంతే.